ఫోర్ వీల్ డ్రైవ్ లైటు మిణుకుతోంది, ముందు చక్రాలు పట్టడం లేదు. ఎక్కడ చూడాలి?

మీ పికప్‌లో నాబ్ తిప్పితే మారే రకమైతే, గేర్‌బాక్సు అప్పుడే విప్పించకండి. ఇంజన్ ఆపాక బ్యాటరీ 12.4 వోల్టులకు తగ్గితే ముందు చార్జింగ్ పెట్టించండి. తర్వాత ఫ్యూజు, రిలే.

ఇవి బాగుంటే బండి కిందికి దూరాల్సిందే. ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద, ఫోర్ వీల్‌కు మార్చే షిఫ్ట్ మోటారు ఉంటుంది; దాని కనెక్టర్ చూడండి. ఆదోని వైపు నల్లరేగడి బురద అక్కడ పేరుకుంటే తేమ ఆరదు, పిన్నులు పచ్చగా చిలుము పడతాయి. బ్యాటరీ నెగటివ్ తీసి, పిన్నులను కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి ఆరనిచ్చి, మళ్ళీ బిగించండి.

ఎర్త్ వైరును కంటితో చూసి వదిలేయడం నాకు అసలు నచ్చదు. ఎవరినైనా నాబ్ తిప్పమని, మోటారు లోడు మీద ఉండగానే దాన్ని నడిపే కంట్రోల్ యూనిట్ ఎర్త్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య మల్టీమీటర్ పెట్టండి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ బాగాలేనట్టే. మోటారు దాకా కరెంటు సరిగ్గా వస్తున్నా అది కదలకపోతే అప్పుడు మోటారు మీద ఖర్చు పెట్టండి.