ఒక ట్యూబ్ తీసేసినంక మళ్ల గర్భం నిలుస్తదా?

చెల్లె, మిర్యాలగూడ నుంచి నువ్వు అడిగింది చదివిన. కుడి ట్యూబ్‌ల, అంటే అండం గర్భసంచికి పోయే గొట్టంల, గర్భం వచ్చి పగిలింది, ఆపరేషన్ చేసి ఆ ట్యూబ్ తీసేసిన్రు, ఇగ నెల విడిచి నెలే అవకాశం అని ఇంట్ల అంటున్నరు, నిజమేనా అన్నవు. నిజం కాదు. నాకు ఎడమది తీసేసిన్రు. తర్వాత ఏ ట్రీట్‌మెంట్ లేకుండనే కడుపు నిలిచింది, ఇప్పుడు మా బిడ్డ అంగన్‌వాడీకి పోతున్నది.

మా అత్తమ్మ గూడ గట్లనే అనుకున్నది. నల్లగొండల డాక్టరమ్మ మందుల చిట్టి వెనుక బొమ్మ గీసి ఆమెకే చూపెట్టింది. అండాశయాలు రెండూ ఉన్నయి, తీసేసిన దిక్కు అండం విడుదలైనా ఉన్న ట్యూబ్ దాన్ని అందుకోగలదు అని. ఆనాటి నుంచి ఆమె మళ్ల ఆ మాట అనలే. మీ అత్తమ్మను గూడ ఒక్కసారి వెంట తీస్కపో. 2014ల లాన్సెట్ అనే వైద్య పత్రికల ఒక అధ్యయనం వచ్చింది. రెండో ట్యూబ్ బాగున్న ఆడోళ్లల్ల, ట్యూబ్ మొత్తం తీసేసినోళ్లకు మూడేండ్లల్ల సహజంగ గర్భం నిలిచింది నూటికి 56 మందికి. ట్యూబ్ ఉంచి గర్భం మాత్రమే తీసినోళ్లకు 61. లెక్కలోకి వచ్చేంత తేడా కాదని వాళ్లే తేల్చిన్రు.

కాబట్టి ఉన్న ట్యూబ్ ఎట్లున్నదో ముందు తెలుసుకో. ఆపరేషన్ అప్పుడు డాక్టర్లు దాన్ని గూడ చూసి రాస్తరు, డిశ్చార్జ్ కాయితాలు జాగ్రత్త. ఇదివరకు టీబీ గాని, పొత్తికడుపుల ఇన్ఫెక్షన్ గాని వచ్చి ఉంటే దాచకుండ చెప్పు. రక్తం బాగ పోయి ఉంటది, హిమోగ్లోబిన్ చూపిచ్చుకో. ఫోలిక్ యాసిడ్ ఇప్పటి నుంచే వేసుకో. ట్యూబ్‌ల గర్భం పెరగకుండ ఆపే మెథోట్రెక్సేట్ ఇంజక్షన్ గూడ ఇచ్చి ఉంటే మాత్రం కనీసం మూడు నెలలు ఆగాలె. ఏడాది చూసినా రాకపోతే, వయసు 35 దాటితే ఆరు నెలలకే, ట్యూబ్ తెరుచుకొని ఉన్నదా అని చూసే టెస్టుకు పో. దానికన్న ముందు మీ ఆయనకు వీర్య పరీక్ష చేయించు.

మళ్ల ట్యూబ్‌లనే వచ్చే భయం నూటికి పది మందికి ఉంటది. నెల తప్పిందంటే ఇంట్లనే టెస్ట్ చేసుకొని డాక్టర్ దగ్గరికి పో. గర్భం హార్మోన్ ఎంతున్నదో చూసే బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష, ఆరో వారంల స్కానింగ్ తప్పకుండ చేయించుకో. గర్భసంచిల ఉన్నదని కంటితో చూసేదాక సంబురం ఆపుకున్న నేను. ఒక పక్క నొప్పి, భుజం నొప్పి, కండ్లు తిరుగుడు ఉంటే తెల్లారేదాక ఆగకు, 108కు ఫోన్ చెయ్యి.