ఊళ్ల మధ్య గొడవల్లో అంతర్జాతీయ సంస్థలు ఏం చేయగలవు?

ప్రభుత్వాల మధ్య ఒప్పందాలు కుదర్చడం సరే, ఊళ్లూ తెగలూ కొట్టుకుంటున్న చోట ఐక్యరాజ్యసమితి లాంటి సంస్థల వల్ల ఒరిగేదేమైనా ఉందా, లేక అంతా రిపోర్టుల వ్యవహారమేనా అని అడిగారు. దక్షిణ సూడాన్‌లో ఒక అంతర్జాతీయ సంస్థ తరఫున రెండేళ్లు ఇదే పని చేశాను కాబట్టి నేను చూసింది చెబుతాను. ఉపయోగం ఉంది, చాలా ఉంది. అయితే రాజీ కుదిర్చేది మాత్రం వాళ్లు కారు. రాజీ పడగలిగినవాళ్లు ప్రాణభయం లేకుండా ఒకచోట కూర్చునేలా చూడటం, ఆ తర్వాత అనుకున్న మాట నిలబడుతోందో లేదో మళ్లీ మళ్లీ వెళ్లి చూడటం, ఈ రెండూ బయటివాళ్లు చేయాల్సిన పని. మొదటిది బాగానే చేస్తారు. రెండో దాని దగ్గరే చేతులెత్తేస్తారు.

2011 జులైలో స్వతంత్రం వచ్చిన ఆ దేశంలో 2013 డిసెంబరులో అంతర్యుద్ధం మొదలైంది. 2018 సెప్టెంబరులో నాయకులు కొత్త ఒప్పందం మీద సంతకాలు చేశారు. కానీ నేనున్న చోట మనుషులు పోతున్నది ఎక్కువగా మేత గొడవల్లో. వానలు ఆగాక కాపరుల ప్రాంతాల్లో గడ్డీ నీళ్లూ తగ్గిపోతాయి. వేల పశువులను తోలుకుని రైతులుండే వైపు వస్తారు. కోతలు పూర్తికాకముందే మంద దిగిందంటే జొన్నచేను ఒక్క రాత్రిలో నేలమట్టమే. రైతు కోపం పట్టలేక ఒక ఆవును బల్లెంతో పొడుస్తాడు. అక్కడ కన్యాశుల్కం ఆవుల్లోనే చెల్లిస్తారు. ఆవు పోయిందంటే ఇంట్లో ఒక కుర్రాడి పెళ్లి ఆగినట్టే. ఇక తుపాకులు బయటికొస్తాయి, యుద్ధం పుణ్యమా అని వాటికి కొదవ లేదు.

దీనికి ఆ దేశంవాళ్లే దారి వెతుక్కున్నారు. 2016లో మరియల్ బాయ్ అనే చోట కాపరులూ రైతులూ ఒప్పందం రాసుకున్నారు. ముందుగా కబురు పెట్టి రావాలి, తుపాకులు తేకూడదు, చేను పాడైతే పరిహారం ఇవ్వాలి. నేను పనిచేసిన చోటు అది కాదు, కానీ మా సమావేశాల్లో రెండు పక్షాలూ ఆ ఒప్పందం పేరే ఎత్తేవి. మాకూ అలాంటిదే కావాలనేవాళ్లు.

నా మొదటి సమావేశం మూడు రోజులు, ఒక పెద్ద చెట్టు కింద. మేము చార్టుల మీద ఎజెండా రాసుకుని వెళ్లాం. మొదటి రోజు ఉదయం గంటసేపు ఫిర్యాదులు, ఆ తర్వాత పరిష్కారాలు. టైము చూసుకోవడం నా బాధ్యత. కాపరుల పెద్ద ఒకాయన లేచి, చనిపోయిన తన వాళ్ల పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. పేరు, తండ్రి పేరు, ఎక్కడ చనిపోయాడో, అప్పుడు దగ్గర ఏ రంగు ఎద్దు ఉందో కూడా. మధ్యాహ్నమైంది. ఇక ముగించమని చెప్పమని దుబాసీకి సైగ చేశాను. అతను ఆ మాట అనువదించలేదు. నా వైపు వంగి, ‘ఇంకా పేర్లు చెబుతున్నాడు’ అని మాత్రం అన్నాడు. ఆ పెద్దాయన కూర్చున్నాక ఎదుటి పక్షం నుంచి ఒక రైతు లేచాడు. ‘ఒకణ్ణి మరిచిపోయావు. దెబ్బలు తగిలి మా ఊరిదాకా వచ్చి పోయాడు. మేమే పూడ్చాం. చోటు చూపిస్తాను’ అన్నాడు. చెట్టు కింద చప్పుడు లేదు. మా ఎజెండా ప్రకారమైతే ఆ సమయానికి మేము పరిష్కారాల మీద చార్టు నింపుతూ ఉండాలి. అతను ఆ మాట అనకపోతే ఆ మూడు రోజుల్లో ఏదీ జరిగేది కాదు, నేను టైము పాటించి ఉంటే అతను ఆ మాట అనే సందర్భమే వచ్చేది కాదు. దీన్ని ఇప్పటికీ మరిచిపోలేను.

రెండో రోజు పరిహారం లెక్క. రైతుల్లో ఒకావిడ నడుముకు చుట్టుకున్న తాడు విప్పింది. మంద తొక్కిన మేర ఆ తాడుతోనే కొలిచి, ఒక్కో తాడు పొడవుకు ఒక్కో ముడి వేసుకుంది. పదిహేడు ముళ్లు. కాపరులు ఒప్పుకోలేదు, అందరూ కలిసి చేనుకు నడిచి మళ్లీ కొలిచారు, పద్నాలుగు దగ్గర తేలింది. నష్టాన్ని డాలర్లలో నింపే ఫారం మా దగ్గర ఉంది, దాన్ని ఎవరూ అడగలేదు.

మరి మేము చేసిందేమిటి? కాపరుల పెద్దలు ఆ చెట్టు దగ్గరికి రావాలంటే, ఆ ముందు నెలలో ఇద్దరు చనిపోయిన దారి దాటాలి. మా బండ్లలో, ముందు శాంతి పరిరక్షక దళం గస్తీ వెళ్లగా వచ్చారు. అది లేకపోతే కొలిచే తాడూ లేదు, పేర్లూ లేవు. రాసుకున్న కాగితం మీద రెండు పక్షాలూ మా స్టాంపు అడిగాయి. మా మీద ప్రేమతో కాదు, ఇరువైపులా బంధువు కాని సాక్షి ఒకరు కావాలి కాబట్టి. తాడు తెచ్చిన ఆవిడ అసలు అక్కడ కూర్చోగలిగిందంటే దానికీ ఒక కారణముంది. ఆడవాళ్లను పిలవడానికి పెద్దలు మొదట ఒప్పుకోలేదు. శాంతి ప్రక్రియల్లో మహిళలు ఉండాలన్న భద్రతా మండలి 1325వ తీర్మానం 2000లో వచ్చింది. దాన్ని చూపించి, ఇది మా సంస్థ పాటించాల్సిన నియమం, మేము మార్చలేం అని చెప్పాం. అప్పుడు సరేనన్నారు. ఎక్కడో న్యూయార్క్‌లో ఆమోదించిన తీర్మానం వల్ల ఏమవుతుందని అడిగేవాళ్లకు నేను ఆ తాడు గురించే చెబుతాను.

ఇప్పుడు మా తప్పు. కాగితం మీద ఫిబ్రవరిలో వేలిముద్రలు పడ్డాయి. రెండు వైపుల నుంచీ కలిపి పదిమంది కమిటీ, నెలకోసారి మేము వచ్చి చూస్తామని మాట. మార్చి ఆఖరుతో మా ప్రాజెక్టు ముగిసింది. పొడిగింపు కాగితాలు ఏ టేబుల్ మీదో ఆగిపోయాయి. అసలు పరీక్ష మేలో, తొలి వానలకు మందలు వెనక్కి మళ్లేటప్పుడు. అప్పుడు అక్కడ మా మనిషి ఒక్కరూ లేరు. నీళ్ల దగ్గర ఒక కుర్రాడు హత్యకు గురయ్యాడు. కబురు మాకు మూడు రోజులకు చేరింది, అప్పటికి ఇంకో ఇద్దరు పోయారు. కమిటీ సభ్యుల ఫోన్లలో బ్యాలెన్స్ లేదు. సమావేశానికి టెంట్లకూ పెట్రోలుకూ పెట్టినదాంట్లో చిన్న వంతుతో వాళ్ల ఫోన్లు ఏడాది పొడవునా నడిచేవి. దాతలు నిధులిచ్చే క్యాలెండరు వేరు, మందలు కదిలే క్యాలెండరు వేరు. ఈ రెండూ కలవనంతకాలం ఎన్ని సమావేశాలు పెట్టినా ఇలాగే అవుతుంది.

భత్యాల సంగతీ చెప్పాలి. వర్క్‌షాప్‌కు వచ్చినవాళ్లకు రోజుకింత అని ఇస్తారు. దాంతో ప్రతిదానికీ పట్నంలో ఉండే అవే ముఖాలు వస్తాయి. తుపాకీ పట్టుకుని మంద వెంట తిరిగే కుర్రాళ్లు రారు, నిజానికి మాట్లాడాల్సింది వాళ్లతోనే. వాళ్ల దగ్గరికి మనమే వెళ్లాలి. మలకాల్ పట్టణంలో శాంతి పరిరక్షక దళంలో భాగంగా ఉన్న మన భారత సైన్యపు పశువైద్యులు అక్కడి పశువులకు చికిత్స చేసేవారు. తన ఆవుకు సూది వేసిన మనిషి చెప్పే మాట కాపరి వింటాడు, ఏ వర్క్‌షాప్‌కూ అంత బలం లేదు.

మిగతా ప్రపంచంలో కూడా నాకు నమ్మకం కలిగించిన ఉదాహరణలు ఇలాంటివే. పాపువా న్యూ గినీలోని బోగన్‌విల్ దీవిలో ఏళ్ల తరబడి సాగిన యుద్ధం తర్వాత, 1997 చివర్లో న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, ఫిజీ, వనువాటుల నుంచి పర్యవేక్షకులు వచ్చారు. ఒక్కరి దగ్గరా ఆయుధం లేదు. ఆయుధం లేదు కాబట్టి వాళ్ల ప్రాణాలకు ఊళ్లవాళ్లే పూచీ పడాల్సి వచ్చింది. 2001లో శాంతి ఒప్పందం కుదిరాక కూడా వెంటనే వెళ్లిపోలేదు, 2003 దాకా ఉన్నారు. ఇంకొకటి సైప్రస్. 1974 నాటికి రాజధాని నికోసియా గ్రీకులు ఒక పక్క, తుర్కులు ఒక పక్కగా పూర్తిగా రెండుగా చీలింది, కానీ భూమి కింద మురుగునీటి పైపులు చీలవు కదా. 1970ల చివర్లో ఇరుపక్కల మేయర్లు లెల్లోస్ దిమిత్రియాదిస్, ముస్తఫా అకిన్‌జీ మురుగునీటి వ్యవస్థను కలిపి నడపడానికి ఒప్పుకున్నారు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వెనక నిలబడింది. రెండు వైపుల ఇంజినీర్లూ ఒకే మ్యాపు ముందు కూర్చుని పనిచేశారు. నాయకుల చర్చలు ఎన్నిసార్లు విఫలమైనా ఆ పని ఆగలేదు. శాంతి అనే పేరు కూడా లేని ఇలాంటి పనులకు సంస్థలు ఎక్కువ డబ్బు పెట్టాలని నా గట్టి అభిప్రాయం. ఐక్యరాజ్యసమితి శాంతి నిర్మాణం కోసమే 2005లో ఒక కమిషన్‌ను, 2006లో ఒక నిధిని ఏర్పాటు చేసుకుంది. కానీ సైనిక మిషన్లకయ్యే ఖర్చు పక్కన ఆ నిధి ఇప్పటికీ చాలా చిన్నది.

కాబట్టి ఏ సంస్థ పనినైనా చూసేటప్పుడు ఎంతమందికి శిక్షణ ఇచ్చారని అడగకండి. సంతకాలైన ఆరు నెలలకు అక్కడ ఎవరున్నారో అడగండి.

నేను వచ్చేసే ముందు తాడు ఆవిడ నన్ను అడిగింది కూడా అదే. ‘వచ్చే ఎండాకాలం ఎవరొస్తారు?’ నా దగ్గర జవాబు లేదు. అప్పగింత కాగితాల్లో మొదటి పేజీలో కమిటీ పదిమంది ఫోన్ నంబర్లు రాసి, ప్రతి నెలా రీచార్జి చేయించమని కింద గీత గీసి వచ్చాను. నా స్థానంలో మరొకరు చేరడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ తన జొన్నలు అమ్ముకున్న డబ్బుతో రీచార్జి చేయించుకుని కాపరుల పెద్దతో మాట్లాడుతూ వచ్చింది ఆవిడేనని తర్వాత దుబాసీ ఫోన్ చేసి చెప్పాడు.