ఆయన డిస్నీ వద్దంటే, ముందు ఎందుకో అడగండి

ప్రశ్న: మేం అట్లాంటాలో ఉంటాం. పెళ్ళయి ఆరేళ్ళు. ఎం.ఎస్.కి ఒంటరిగా వచ్చిన మొదటి ఏడాది, థాంక్స్‌గివింగ్ సెలవుల్లో స్నేహితురాళ్ళతో ఓర్లాండో డిస్నీ వరల్డ్‌కి వెళ్ళాను. అప్పటినుంచి ఆ చోటంటే నాకు ప్రాణం. మావారిని ఒక్కసారి తీసుకెళ్ళాలని మూడేళ్ళుగా బతిమాలుతున్నాను. "అంత డబ్బు పోసి ఎండలో క్యూల్లో నిలబడటమేంటి, అది పిల్లలున్నవాళ్ళు వెళ్ళే చోటు" అంటారు. రెండేళ్ళుగా పిల్లల కోసం ట్రీట్‌మెంట్ తీసుకుంటున్నాం. ఈసారి ఆయనకు చెప్పకుండా టికెట్లు కొనేసి సర్‌ప్రైజ్ చేద్దామనుకుంటున్నాను. ఏమంటారు?

జవాబు: వద్దమ్మా, ఆ సర్‌ప్రైజ్ మాత్రం చేయకండి. మూడేళ్ళుగా వద్దంటున్న మనిషి చేతిలో టికెట్లు పెడితే ఆయన వస్తారు, కాదనలేక వస్తారు. అలా వచ్చిన మనిషి పక్కన నిలబడి మీరు కూడా ఏదీ సరిగ్గా చూడలేరు, ప్రతి పది నిమిషాలకీ ఆయన మొహంలోకి చూసి నచ్చిందా లేదా అని వెతుక్కుంటూనే ఉంటారు.

మీరు ట్రీట్‌మెంట్ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు. నేను అక్కడే ఆగిపోయాను. "పిల్లలున్నవాళ్ళు వెళ్ళే చోటు" అని ఆయన అన్న మాట మీకు సాకులా వినిపించింది, నాకెందుకో అది సాకు అనిపించడం లేదు. డిస్నీ వరల్డ్‌లోని నాలుగు పార్కుల్లో కోట ఉన్న మ్యాజిక్ కింగ్‌డమ్‌లో సాయంత్రం ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా. కోట ముందు వీధంతా పసిపిల్లల్ని కూర్చోబెట్టి తోసుకెళ్ళే బండ్లు, రాకుమారి గౌన్లు వేసుకుని నాన్న భుజాల మీద కూర్చున్న ఆడపిల్లలు, బాణసంచా అయిపోయాక నిద్రపోతున్న బిడ్డని భుజాన వేసుకుని పార్కింగ్ వైపు నడిచే తండ్రులు. పిల్లల కోసం రెండేళ్ళుగా ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్న మగాడు అదంతా రోజంతా చూస్తూ తిరగాలంటే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. మన ఇళ్ళలో మగపిల్లలకి ఈ బాధని మాటల్లో పెట్టడం ఎవరూ నేర్పరు, అందుకే అది ఎండ మీదకీ ఖర్చు మీదకీ మళ్ళుతుంది. నేను అనుకున్నది తప్పు కావచ్చు. తెలుసుకోవలసింది మీరే, అదీ ఎదురెదురుగా కూర్చోబెట్టి నిలదీసినట్టు కాకుండా, కార్లో వెళ్తున్నప్పుడో, రాత్రి భోజనం అయ్యాక అలా నడుస్తున్నప్పుడో మెల్లగా అడగండి. "అక్కడ అంతమంది పిల్లల్ని చూస్తే కష్టంగా ఉంటుందా?" అంతే, ఇంకేం కలపకండి. ఆయన వెంటనే జవాబు చెప్పకపోయినా తొందరపెట్టకండి. మీకూ కష్టంగా ఉంటే ఆ మాట దాచుకోకుండా చెప్పండి, ఈ రెండేళ్ళూ ఇద్దరిలో ఎవరికి వారు ఎదుటివాళ్ళ కోసం ధైర్యంగా ఉన్నట్టు కనిపిస్తూ వచ్చి ఉంటారు.

కారణం అదే అయితే ఈ ఏడాది డిస్నీ ఊసెత్తకండి. ఆ పార్కు 1971 నుంచి అక్కడే ఉంది, ఎక్కడికీ పోదు.

అది కాదు, నిజంగానే ఎండా క్యూలూ ఖర్చే ఆయన బాధ అయితే ఇక పని సులువు. నాలుగు పార్కులూ నాలుగు రోజుల్లో చుట్టేసే ప్లాన్ మానేయండి. ఒక్క రోజు, ఒక్క పార్కు, అదీ ఎప్‌కాట్. పెద్దవాళ్ళు తీరిగ్గా తిరగడానికి అదే బాగుంటుంది, చెరువు చుట్టూ పదకొండు దేశాల పెవిలియన్లు, తినడానికి బోలెడన్ని రకాలు, ఎక్కడపడితే అక్కడ కూర్చోవచ్చు. మీవారిది వ్యవసాయం చేసిన కుటుంబమైతే మాత్రం ముందుగా అక్కడి లివింగ్ విత్ ద ల్యాండ్ అనే పడవ ఎక్కించండి. మెల్లగా గ్రీన్‌హౌస్‌ల మధ్యలోంచి తీసుకెళ్తుంది, మట్టి లేకుండా వేళ్ళు గాల్లో వేలాడుతూ పెరిగే మొక్కలు, టమాటాలు, దోసకాయలు, పక్కనే చేపల పెంపకం. అక్కడ పండిన కూరగాయలు పార్కు హోటళ్ళలో వడ్డిస్తారు కూడా. పొలం చూసి పెరిగిన మనిషి అక్కడ నోరు మూసుకుని కూర్చోలేడు, ఏదో ఒకటి అడుగుతాడు.

మా ఆయన్ని నేను పెళ్ళయిన కొత్తలో ఏటా నాంపల్లి ఎగ్జిబిషన్‌కి లాక్కెళ్ళేదాన్ని, ఆయన గేటు దగ్గరే బెంచీ చూసుకునేవారు. ఓ ఏడు కశ్మీరీ శాలువాల కొట్టతనితో కబుర్లలో పడ్డారు, గంట గడిచినా కదల్లేదు. మరుసటి జనవరిలో ఎప్పుడు వెళ్దామని ఆయనే అడిగారు. నేను చూపించాలనుకున్నవి ఏవీ ఆయనకు ఇప్పటికీ నచ్చవు, అది నాకు పర్వాలేదు.

ఎప్పుడు వెళ్ళాలంటే, జనవరి చివర్లో, స్కూళ్ళు నడిచే మామూలు వారం మధ్యలో. క్రిస్మస్, స్ప్రింగ్ బ్రేక్, జూలై వద్దు. టికెట్ ధర తేదీని బట్టి మారుతుంది, కాబట్టి ఆయనతో కలిసి కూర్చుని తేదీలు చూడండి, ఖర్చు ముందే ఎదురుగా కనిపిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది. అట్లాంటా నుంచి ఆరేడు గంటల డ్రైవే, విమానం ఖర్చు లేదు. పులిహోర, చపాతీలు డబ్బాల్లో పెట్టుకెళ్ళినా లోపలికి రానిస్తారు, గాజు సీసాలూ మద్యం మాత్రం కుదరవు. కాళ్ళకి పాత బూట్లే వేసుకోమనండి. ఇంకో రోజు పూర్తిగా ఆయనకి వదిలేయండి. ఓర్లాండో నుంచి గంట ప్రయాణంలో కెన్నెడీ స్పేస్ సెంటర్ ఉంది, 363 అడుగుల సాటర్న్ 5 రాకెట్‌ని అక్కడ అడ్డంగా పడుకోబెట్టి ఉంచారు, దాని కింద నుంచి నడిచి చూడొచ్చు. ఆ రోజు మీరు ఫోన్ తీసి డిస్నీ యాప్ చూడకండి.

ఇంకో సంగతి. ఆ చోటంటే ప్రాణం అన్నారు, ఎందుకో ఆయనకు ఎప్పుడైనా చెప్పారా? దేశంకాని దేశంలో మొదటి చలికాలం, అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయే సెలవులు, మీకు వెళ్ళడానికి ఇల్లు లేదు. ఆ నాలుగు రోజులూ మీకేమయ్యాయో నాకు కొంత అర్థమైంది, ఆయనకి బహుశా తెలియదు. అప్పటి ఫొటోలు మీ పాత ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో ఉండే ఉంటాయి. ఈ శనివారం కాఫీ తాగుతూ అవి చూపించండి, పక్కనున్న అమ్మాయిలెవరో, ఆ రోజు అమ్మకి ఫోన్ చేసి ఏం చెప్పారో అన్నీ చెప్పండి. టికెట్ల మాట ఆ రోజు ఎత్తకండి.