పదహారు రోజులు, ఎనిమిది దేశాలు, ఆరు లక్షల అప్పు

ప్రశ్న: మేమిద్దరం హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగులం. నాకు నెలకు 85,000, నా భార్యకు 55,000 రూపాయలు చేతికి వస్తాయి. గృహరుణం వాయిదా 38,000, పిల్లల ఫీజులు సగటున 12,000, ఇంటి ఖర్చులు 35,000, ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు 10,000 పోతాయి. సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలవారీ పొదుపు) 10,000 నడుస్తోంది. బ్యాంకులో 3 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఎనిమిదేళ్ల బాబు, ఆరేళ్ల పాపతో కలిసి వచ్చే మే నెలలో యూరప్‌ను రైల్లో చుట్టి రావాలనుకుంటున్నాం. ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగి బ్రస్సెల్స్, పారిస్, జ్యూరిక్, మిలాన్, వెనిస్, వియన్నా, ప్రాగ్, బెర్లిన్ చూసుకుని మళ్లీ ఆమ్‌స్టర్‌డామ్ నుంచి విమానం ఎక్కుతాం. 16 రోజులు, 9 లక్షల ఖర్చు. ఎఫ్‌డీ తీసేసి, మిగతా 6 లక్షలకు 14 శాతం వడ్డీతో మూడేళ్ల వ్యక్తిగత రుణం తీసుకుంటున్నాం. మంజూరైనట్లు సందేశం వచ్చింది, ఈ నెలాఖరు వరకే గడువు. చాలా యూరప్ దేశాల రైళ్లలో చెల్లే యూరైల్ పాస్ కొనాలా, విడిగా టిక్కెట్లు కొనాలా? అక్కడ ఖర్చులకు క్రెడిట్ కార్డు మంచిదా, ముందే విదేశీ కరెన్సీ నింపుకునే ఫారెక్స్ కార్డా?

జవాబు: మీరు అడిగిన రెండింటికీ జవాబు చెబుతాను, వాటికి ఎక్కువ సమయం పట్టదు. అంతకంటే ముందు మీరు అడగకుండా వదిలేసిన ప్రశ్న ఒకటుంది. ఎఫ్‌డీ తీసేశాక మీ ఇంట్లో ఏం మిగులుతుంది?

వేసవి సెలవులకు ముందు ఇలాంటి ఉత్తరాలు వరుసగా వస్తాయి. ఊళ్లు, దేశాలు వేరు కావచ్చు గానీ పొరపాటు మాత్రం అందరిదీ ఒకటే. నెలకు ఎంత వాయిదా పడుతుందో చూసుకుంటారు. జీతంలోంచి కట్టగలమని తేలగానే ఆ ఖర్చుకు తమకు స్థోమత ఉందని నమ్మేస్తారు. రెండు జీతాలూ క్రమం తప్పకుండా వచ్చే నెలల్లో ఏ వాయిదా అయినా కట్టగలం. ఒక జీతం ఆగిన నెలలో కట్టగలమా అన్నదే చూసుకోవాల్సిన లెక్క. ఆ లెక్క మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

మీ అంకెలతోనే వేసి చూపిస్తాను. సిప్ కాకుండా మీ ఇంటికి తప్పనిసరి ఖర్చు నెలకు 95,000. ఆరు లక్షలకు 14 శాతం వడ్డీతో మూడేళ్లకు వాయిదా దాదాపు 20,500. రెండూ కలిపితే 1,15,500. మీ ఉద్యోగం పోయిందనుకోండి, ఇంటికి వచ్చేది 55,000. మొదటి నెలలోనే 60,500 లోటు, దాన్ని పూడ్చడానికి ఒక్క రూపాయి నిల్వ ఉండదు. అదే పరిస్థితి ఈ అప్పు లేకుండా, ఎఫ్‌డీ చెక్కుచెదరకుండా ఉండగా వస్తే లోటు 40,000. ఆ 3 లక్షలతో ఏడు నెలలకు పైగా నెట్టుకురావచ్చు. ఆ లోపు మరో ఉద్యోగం వెతుక్కోవచ్చు. ఇప్పుడు మీరు ఖర్చు చేయబోతున్నది ఆ ఏడు నెలల గడువును. అప్పుపై వడ్డీ 1.38 లక్షలు అవుతుంది, అదీ చిన్న మొత్తమేమీ కాదు. కానీ నా భయం వడ్డీ గురించి కాదు.

మూడేళ్ల కిందట ఇలాగే అప్పు చేసి యూరప్ వెళ్లి వచ్చిన ఒక కుటుంబం నా దగ్గరకు వచ్చింది. వాళ్లు తిరిగి వచ్చిన నెలలోనే ఆయన తండ్రికి గుండె ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమాలో తల్లిదండ్రులు లేరు. బ్యాంకులో నిల్వ లేదు. వ్యక్తిగత రుణం అప్పటికే ఉండటంతో కొత్త రుణం దొరకలేదు. భార్య నగలు తాకట్టు పెట్టారు, క్రెడిట్ కార్డుతో నగదు తీశారు. కార్డు బాకీపై నెలకు 3.5 శాతం, అంటే ఏడాదికి 42 శాతం. ఆ కార్డును వదిలించుకోవడానికి వాళ్లకు రెండేళ్లు పట్టింది. మీకూ ఊళ్లో అమ్మానాన్నలు ఉన్నారు. వాళ్లకు ఆరోగ్య బీమా ఉందో లేదో మీరు రాయలేదు.

అందుకే ఆ 3 లక్షల్ని ప్రయాణం ఖాతాలో రాయవద్దు. అది మీ అత్యవసర నిధి. నిజానికి మీకు ఉండాల్సిన దానిలో సగమే. ఆరు నెలల తప్పనిసరి ఖర్చులకు 5.7 లక్షలు కావాలి. సగం ఉన్న నిధిని పెంచుకోవాల్సిన సమయంలో దాన్ని సున్నా చేసి, పైన అప్పు పెట్టుకుంటామంటే నేను ఒప్పుకోలేను. ‘ఇప్పుడు తిరగండి, తర్వాత కట్టండి’ అంటూ ఫోనుకు వచ్చే ప్రకటనల్ని చూసినప్పుడల్లా నాకు సహనం నశిస్తుంది. పిల్లల సంతోషం పేరు చెప్పి తల్లిదండ్రుల చేత సంతకాలు పెట్టిస్తున్నారు.

ఇక ప్రయాణ ప్రణాళిక. డబ్బు లెక్కలో ఎక్కడా ఖాళీ వదలలేదు సరే, దారిలోనూ వదలలేదు. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి బ్రస్సెల్స్‌కు రెండు గంటలు, అక్కడినుంచి పారిస్‌కు గంటన్నర. పారిస్ నుంచి జ్యూరిక్‌కు నాలుగు గంటలు, జ్యూరిక్ నుంచి మిలాన్‌కు మూడున్నర. మిలాన్ నుంచి వెనిస్‌కు రెండున్నర. వెనిస్ నుంచి వియన్నాకు పగటి రైలులో దాదాపు ఏడు గంటలు పడుతుంది. ప్రాగ్‌కు నాలుగు, బెర్లిన్‌కు మరో నాలుగు, మళ్లీ ఆమ్‌స్టర్‌డామ్‌కు ఆరు. రైల్లో కూర్చునే సమయమే దాదాపు 35 గంటలు. గది ఖాళీ చేయడం, పెట్టెలతో స్టేషన్ చేరడం, దిగాక కొత్త హోటల్ వెతుక్కోవడం, మధ్యాహ్నం దాకా గది ఇవ్వకపోతే సామాను ఎక్కడో అప్పగించడం, వీటికి ప్రతి మజిలీలో కనీసం మూడు గంటలు వేసుకోండి. తొమ్మిది మజిలీలు. విమానాల రోజులు తీసేస్తే మీ చేతిలో ఉండేది పద్నాలుగు రోజులు, అందులో మెలకువగా ఉండే సమయంలో దాదాపు మూడో వంతు పెట్టెలు మోయడానికే పోతుంది.

పారిస్‌నే తీసుకోండి. బ్రస్సెల్స్ రైలు గార్ దు నోర్ స్టేషన్‌లో దింపుతుంది. జ్యూరిక్ వెళ్లే రైలు గార్ ద లియోన్ నుంచి బయలుదేరుతుంది. రెండూ వేర్వేరు చోట్ల ఉన్నాయి. వెనిస్‌లో శాంతా లూచియా స్టేషన్ బయట అడుగు పెట్టగానే కాలువ. అక్కడ టాక్సీ అంటే పడవ, నడవాలంటే మెట్ల వంతెనలు. ఆరేళ్ల పాప, నాలుగు పెట్టెలతో ఆ వంతెనలు ఎక్కి దిగడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. డబ్బు ఆదా చేయాలనుకునేవారు వెనిస్‌ను ఒడ్డుతో కలిపే రైలు వంతెనకు ఇవతల, మెస్త్రే అనే చోట గది తీసుకుని రోజూ రైల్లో వెళ్లి వస్తారు. ఒకటిన్నర రోజు ఉండేవారికి ఆ వెసులుబాటు కూడా ఉండదు.

రైలు ఆలస్యమైతే ఏమవుతుందో కూడా మీరు ఆలోచించలేదు. యూరప్ రైళ్లు గడియారంలా నడుస్తాయన్న నమ్మకంతో మనవాళ్లు పట్టికలు వేసుకుంటారు. స్విట్జర్లాండ్‌కు ఆ మాట సరిపోతుంది. జర్మనీలో 2024లో దూరప్రాంత రైళ్లలో దాదాపు 62 శాతమే సమయానికి చేరాయి. మీరు బెర్లిన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ చేరి విమానం పట్టుకోవాల్సింది జర్మనీ మీదుగానే. గంట దాటి ఆలస్యమైతే టిక్కెట్టు ధరలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం తిరిగి ఇవ్వాలని యూరోపియన్ యూనియన్ నిబంధన ఉంది. అది ఆ రైలు టిక్కెట్టుకు మాత్రమే. విడిగా కొన్న తర్వాతి రైలు తప్పిపోయినా, ముందే డబ్బు కట్టిన హోటల్ రాత్రి పోయినా మీదే భారం. నిల్వ ఉన్న కుటుంబానికి అది ఒక పూట చికాకు. ఎఫ్‌డీ తీసేసి బయలుదేరిన కుటుంబం ఆ పూటే క్రెడిట్ కార్డు గీకుతుంది.

నిజంగా పిల్లలతో హాయిగా తిరగాలంటే మూడు నగరాలు చాలు. ప్రాగ్‌లో నాలుగు రాత్రులు, వియన్నాలో ఐదు, బుడాపెస్ట్‌లో మూడు. ప్రాగ్‌లో దిగి, బుడాపెస్ట్‌లో విమానం ఎక్కే విధంగా టిక్కెట్లు తీసుకుంటే వెనక్కి రావాల్సిన పని ఉండదు. రైలు ప్రయాణాలు రెండే. ప్రాగ్ నుంచి వియన్నాకు నాలుగు గంటలు, వియన్నా నుంచి బుడాపెస్ట్‌కు రెండు గంటల నలభై నిమిషాలు. పిల్లలు కిటికీ పక్కన కూర్చుని ఆనందించే దూరాలివి. ప్రాగ్, బుడాపెస్ట్‌లలో గది, భోజనం పారిస్, జ్యూరిక్‌ల కంటే బాగా చవక. మంచు కొండలు చూపించి తీరాలంటే పారిస్, లూసర్న్, వెనిస్ మరో దారి. కాకపోతే స్విట్జర్లాండ్‌లో ప్రతి పూటా జేబు మీద బరువు పడుతుంది.

వీసాకూ ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ దారే మేలు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే షెంజెన్ వీసా (ఈ యూరప్ దేశాలన్నింటికీ కలిపి చెల్లే ఒకే వీసా) దరఖాస్తు చేయాలి. వియన్నాలో ఐదు రాత్రులుంటే ఆస్ట్రియా అని స్పష్టంగా తేలుతుంది. పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45. నలుగురికీ 270 యూరోలు. యూరోను వంద రూపాయలుగా లెక్కిస్తే 27,000. వీసా నిరాకరించినా ఈ డబ్బు తిరిగి రాదు. అందుకే వీసా చేతికి రాకముందు, రద్దు చేస్తే డబ్బు వెనక్కి రాని గదులు, టిక్కెట్లు కొనవద్దు. దరఖాస్తుతో బ్యాంకు స్టేట్‌మెంట్లు కూడా ఇవ్వాలి. దానికి ముందు ఖాతాలో హఠాత్తుగా ఆరు లక్షలు వచ్చి పడితే ఆ డబ్బు ఎక్కడిదన్న అనుమానం వస్తుంది. అప్పు ఇక్కడ కూడా మీకు సాయం చేయదు.

వీసా కోసం కనీసం 30,000 యూరోల రక్షణ ఉన్న ప్రయాణ బీమా తప్పనిసరి. చాలామంది దాన్ని దరఖాస్తుకు జతచేసే ఒక కాగితంగా చూసి, అన్నింటికంటే చవకైనది కొంటారు. అలా చేయకండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు ఏ మేరకు వర్తిస్తుందో, ఆసుపత్రికి నేరుగా చెల్లిస్తారో లేదో చదివి తీసుకోండి. అంతకంటే ముఖ్యమైన బీమా ఇక్కడ ఉండాల్సింది. గృహరుణం, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంట్లో మీ ఇద్దరి పేరా టర్మ్ పాలసీ (మరణిస్తే కుటుంబానికి డబ్బు ఇచ్చే జీవిత బీమా) ఉందని ఉత్తరంలో కనబడలేదు. లేకపోతే ప్రయాణం గురించి ఆలోచించే ముందు తీసుకోండి. కంపెనీ ఆరోగ్య బీమా ఉద్యోగంతో పాటే పోతుంది కాబట్టి సొంత పాలసీ కూడా ఉండాలి. అమ్మానాన్నలకు విడిగా ఒకటి.

మీ ప్రశ్నలకు వస్తే, మూడు నగరాల ప్రయాణానికి పాస్ అక్కర్లేదు. ముందుగా కొనే విడి టిక్కెట్లు చవకగా వస్తాయి. కార్డుల్లో ఫారెక్స్ కార్డుకే నా ఓటు. అత్యవసరానికి ఒక క్రెడిట్ కార్డు ఉంచుకోండి, కార్డు గీకే యంత్రం రూపాయల్లో కడతారా అని అడిగితే స్థానిక కరెన్సీనే ఎంచుకోండి. ప్యాకేజీగా కొంటే టీసీఎస్ (అమ్మేవారే ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది గానీ అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు.

సిప్ ఆపకుండానే మీకు నెలకు 35,000 మిగులుతున్నాయి. బీమా ప్రీమియాలు తీశాక తగ్గుతాయి, మొదట ఆ పూర్తి అంకెతోనే చూద్దాం. మొదటి ఎనిమిది నెలలు అది ఎఫ్‌డీకి తోడైతే అత్యవసర నిధి పూర్తవుతుంది. ఆ తర్వాత పద్నాలుగు నెలలకు 4.9 లక్షలు. ప్రీమియాలకు పోయే భాగాన్ని బోనస్‌తో పూడ్చుకుంటే నాలుగు టిక్కెట్లకు, పన్నెండు రాత్రులకు చేరువవుతారు. తక్కువైతే మూడో నగరం వదిలేయండి, అప్పు మాత్రం వద్దు. రెండేళ్లకు బాబుకు పదేళ్లు, పాపకు ఎనిమిది వస్తాయి. వీసా రుసుము అప్పటికీ సగమే. పైగా చూసింది గుర్తుండే వయసు. నగరాల పేర్లు వాళ్ల చేతనే పటంలో గుర్తు పెట్టించండి, ఏది వదిలేయాలో వాళ్లనే అడగండి.

రుణ మంజూరుకు ఈ నెలాఖరు గడువు అని రాశారు. ముగిసిపోనివ్వండి.