పెళ్లిలో ఆటిజం ఉన్న బాబుకి ప్రశాంతమైన గది ఎలా?

ఆటిజం ఉన్న ఆరేళ్ల బాబుతో ఫంక్షన్ హాల్లో పెళ్లికి వెళ్తున్నామని, వాడు కాసేపు ప్రశాంతంగా ఉండే చోటు ఎలా ఏర్పాటు చేయాలని అడిగారు. గది దొరకడం కష్టం కాదండీ. దొరికిన గదిని సాయంత్రం దాకా ప్రశాంతంగా నిలబెట్టడమే కష్టం.

పెళ్లికూతురి గది మాత్రం అడక్కండి. చాలా హాళ్లలో అది వేదిక పక్కనే ఉంటుంది, మేకప్ వాళ్లూ ఫోటోల వాళ్లూ వస్తూ పోతూ ఉంటారు. జనరేటర్ వైపు గది కూడా వద్దు, మోతతో పాటు డీజిల్ వాసన. వేదికకి గదికి మధ్య కనీసం రెండు తలుపులో, ఒక మలుపో ఉండాలి. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది గానీ, గోడల మధ్య ప్రతిధ్వని వల్ల అంత తగ్గదు. సౌండ్ వాళ్లు మైకు పరీక్షించేటప్పుడు గదిలో తలుపేసుకుని మామూలు గొంతుతో మాట్లాడి చూడండి. గొంతు పెంచాల్సి వస్తే ఆ గది పనికిరాదు.

తలుపు కింద సందులోంచే శబ్దం ఎక్కువగా వస్తుంది. మందపాటి తువ్వాలు చుట్టి అక్కడ పెట్టండి. కర్టెన్లు, జంపఖానా గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తాయి, బయటి డీజే బేస్‌ని మాత్రం ఆపలేవు. చెవులకి పెట్టే ఇయర్‌మఫ్‌ల సంగతీ అంతే. వాటితో సన్నాయి తగ్గుతుంది గానీ గుండెల్లో తగిలే డోలు దెబ్బ తగ్గదు. అందుకే బేస్ పెట్టెలు ఆ గది గోడకి ఆనించొద్దని సౌండ్ వాళ్లకి ముందే చెప్పాలి. అసలు అప్పగింతలప్పుడు కూడా డీజే ఎందుకో నాకర్థం కాదు. పంతులుగారి మంత్రాలే వినపడని పెళ్లిళ్లు చేసుకుంటున్నాం.

లోపల 10 అడుగులకి 12 అడుగుల చోటు చాలు. కింద జంపఖానా, రెండు దిండ్లు, ఒక దుప్పటి, మంచినీళ్లు, మూడు కుర్చీలు. మినుకుమినుకుమనే ట్యూబ్‌లైట్ ఆపేసి పసుపు వెలుగు బల్బు పెట్టండి. అగరొత్తులు, రూమ్ స్ప్రే వద్దు. తలుపు లోపలి గడియ తాడుతో కట్టేయండి, పిల్లాడు లోపల గడియ వేసుకుంటే తియ్యలేక కంగారు పడతాడు. ప్లగ్ పాయింట్లకి టేపు వేయండి. లేకపోతే గంటలో అది ఫోన్ల ఛార్జింగ్ గది అవుతుంది, ఆ వెనకే సూట్‌కేసులు వస్తాయి.

అందుకే తలుపు దగ్గర మనిషి ఉండాలి. గంటకొకరు చొప్పున, పెద్దవాళ్లకి కూడా మొహమాటపడకుండా "లోపల పిల్లాడు పడుకున్నాడు బాబాయ్, సామాన్లు పక్క గదిలో పెట్టండి" అనగలిగిన మనిషి. వినికిడి యంత్రం పెట్టుకున్న తాతగారినీ, పాలిచ్చే తల్లినీ మాత్రం లోపలికి పంపొచ్చు, తల్లికి ఒక మూల అడ్డుగా చీర కట్టండి.

పెళ్లిలో అన్నిటికన్నా గడ్డు ఘడియ జీలకర్ర బెల్లం. పంతులుగారు చెయ్యి ఊపగానే "గట్టిమేళం" అంటారు, డోలూ సన్నాయీ ఒక్కసారిగా ఉరుముతాయి, మైకులు దానికి తోడు, మీదనుంచి అక్షతలు. మళ్లీ మంగళసూత్రం కట్టేటప్పుడూ అంతే. ముహూర్తం పత్రికలోనే ఉంటుంది కాబట్టి అది హఠాత్తుగా వచ్చే మోత కాదు. పది నిమిషాల ముందే బాబుని గదిలోకి తీసుకెళ్లండి. ఏడుపు మొదలయ్యాక జనం మధ్యలోంచి ఎత్తుకెళ్లడం వాడికి ఇంకా నరకం. మేళం ఆగిన వెంటనే తీసుకురావద్దు, వాడంతట వాడు లేచేదాకా ఆగండి. "ఫోటోకి తీసుకురండి" అని ఎవరు పిలిచినా సరే.

భోజనం కూడా గదికే తెప్పించండి, బంతిలో కూర్చోబెట్టాలని పట్టుపట్టొద్దు. వీలైతే ముందురోజే బాబుకి ఆ గది చూపించండి. హాలు బుక్ చేసేటప్పుడే ఏ గదో రసీదు మీద రాయించండి, నోటి మాటగా ఇచ్చిన గదిలో పెళ్లిరోజుకి వంట సామాను పెట్టేస్తారు.