పోలిక ఎవరి నోట పుట్టాలి?

అమ్మడూ,

నీ కథ చదివాను. మిరప కల్లంలో వాన పడే ఘట్టం బాగా పట్టుకున్నావు. రైతు కాయల మీద కప్పే పట్టాల కోసం పరుగెత్తడం, భార్య కొంగు నడుముకు దోపి కాయలు కుప్ప చేయడం కళ్లకు కట్టాయి. మధ్యలో ‘ముత్యాల్లాంటి చినుకులు’ అన్నావు చూడు, నాకు అక్కడ ముల్లు గుచ్చుకుంది. ఏడాది కష్టం కళ్లముందే తడిసిపోతున్నవాడికి చినుకు ముత్యంలా ఎలా కనబడుతుంది? అది కిటికీ పక్కన కూర్చున్న నీకు కనబడిన వాన.

ఏ వస్తువుతో పోలుస్తావో, దానితోపాటే దాని మర్యాద, దాని మీది భయం, జాలి అన్నీ కథలోకి వస్తాయి. జాషువా ‘గబ్బిలం’ (1941) మళ్లీ తీసి చదువు. ‘మేఘసందేశం’లో కాళిదాసు యక్షుడు దూరమైన భార్యకు మేఘంతో కబురు పంపాడు. ఎంత విరహమైనా అందులో చల్లదనం ఉంటుంది. జాషువా నాయకుడు అంటరానివాడని గుడి బయట నిలబెట్టిన మనిషి. కాశీ విశ్వనాథుడికి తన గోడు గబ్బిలంతో చెప్పి పంపాడు. ఇంట్లోకొస్తే అపశకునమని జనం తరిమే ప్రాణి అది. కానీ గుళ్లో తలకిందులుగా వేలాడుతుంది, శివుడి చెవికి దగ్గరగా. పూజారి లేని వేళ చూసి నా బతుకు విన్నవించు అంటాడు. గబ్బిలానికి ఉన్న ప్రవేశం మనిషికి లేదు! ఆ ఎంపికతోనే సందేశ కావ్యం స్వరం మారి, వేడుకోలులోంచి నిలదీత వినిపిస్తుంది. హంసనో చిలకనో పంపి ఉంటే ఆ పద్యాలకు అంత పదును ఉండేది కాదని నా నమ్మకం.

ఇక నీ పని. ‘లా’, ‘లాంటి’, ‘అన్నట్టు’ వచ్చిన చోటల్లా పెన్సిలుతో గీత గియ్యి. ఈ మాట ఎవరికి తోచింది అని అడుగు. ఆ పాత్రకు తోచనిదైతే కొట్టెయ్యి.

ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష బడిలో చదువుకున్నావు, కథలో వాటి పని చూడు. ‘అప్పు కొండచిలువలా చుట్టుకుంది’ అంటే చెప్పేవాడు కాస్త ఎడంగా నిలబడ్డాడు. ‘అప్పనే కొండచిలువ’ అంటే ఆ ఎడం పోయింది. ‘చుట్టుకున్నది కొండచిలువేమో’ అంటే అర్ధరాత్రి ఉలిక్కిపడ్డట్టు ఉంటుంది. నీ రైతుకు మూడోదే నప్పుతుంది.

వాన దగ్గర మాత్రం పోలిక వద్దు. ‘ఎండిన కాయల మీద చినుకులు టపటపా పడ్డాయి’ చాలు. ఆ తర్వాత భార్య చేత అనిపించు: ‘వడ్డీ వసూలుకొచ్చినట్టే వచ్చింది, చెప్పాపెట్టకుండా.’

దిద్దిన ప్రతి పంపు. తెల్లవారే ఘట్టం సంగతి అది చూశాక రాస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న