రోడ్డు తవ్వి వదిలేస్తే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: సార్, హన్మకొండలో మాది చిన్న గల్లీ, సీసీ రోడ్డు. ఇంటర్నెట్ ఫైబర్ కోసం తవ్వినప్పుడు నల్లా పైపు పగలగొట్టారు, పైన మట్టి కప్పి పోయారు. వానకు అది కుంగింది. మా నాన్న రాత్రి స్కూటీ మీద వస్తూ ఆ గుంతలో పడితే చేతి ఎముక విరిగింది. కంపెనీవాళ్లు పర్మిషన్ ఉంది, డబ్బులు కట్టామంటున్నారు. మున్సిపల్ కార్పొరేషన్ ఆఫీసులో అడిగితే కాంట్రాక్టరును పట్టుకోమంటున్నారు. ఎవరి మీద కేసు వేయాలి?

జవాబు: ముందుగా గుంతను నాలుగు వైపుల నుంచి, పక్కనున్న ఇల్లో కరెంటు స్తంభమో కనిపించేలా ఫొటోలు తీయండి. రేపు ఎవరో వచ్చి రెండు తట్టల కంకర పోసి పోతే ఆధారం పోతుంది.

కంపెనీ చెబుతున్న పర్మిషన్ గురించి వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ కేసు దాని మీదే నిలబడుతుంది. గల్లీ రోడ్డు కార్పొరేషన్‌ది కాబట్టి తవ్వడానికి అక్కడి అనుమతి కావాలి. (అదే జాతీయ రహదారి 163 అంచునో, ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) రోడ్డు మీదో అయితే ఆ శాఖను అడగాలి.) టెలికాం కేబుళ్లకు 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం, దాని కింద 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రైట్ ఆఫ్ వే (కేబుల్ వేసుకునేందుకు దారి హక్కు) నిబంధనలు వర్తిస్తాయి. అవి తవ్వే హక్కు ఇస్తాయి కానీ రోడ్డును పాడుచేసి వదిలేసే హక్కు ఇవ్వవు. రోడ్డును మునుపటిలా చేయడానికయ్యే ఖర్చును కంపెనీ కార్పొరేషన్‌కు కట్టాలి, లేదంటే తానే బాగుచేస్తానని రాసివ్వాలి. డబ్బు కట్టి ఉంటే పూడ్చే పని కార్పొరేషన్‌ది. రాసిచ్చి ఉంటే కంపెనీది. ఇద్దరూ తప్పించుకునే మాటలు ఆ ఒక్క కాగితంతో ఆగిపోతాయి.

ఆ కాగితం కోసం ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) కింద దరఖాస్తు వేయండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. అనుమతి ప్రతి, కట్టిన చలానా, ఎన్ని మీటర్లకు ఇచ్చారో, పని పూర్తయ్యాక ఏ ఇంజనీరు చూశారో అడగండి. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: పనిని స్వయంగా చూసే హక్కు, వాడిన మెటీరియల్ నమూనా తీసుకునే హక్కు కూడా ఈ చట్టంలోనే ఉన్నాయి.

గుంత మాత్రం 30 రోజులు ఆగదు. సోమవారం అధికారులు ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. కదలిక లేకపోతే బీఎన్ఎస్ఎస్ (క్రిమినల్ కేసుల విధానాన్ని చెప్పే కొత్త చట్టం) 152 సెక్షన్ కింద ఆర్డీవో ముందు పిటిషన్ వేయవచ్చు. దారిలో ప్రమాదాన్ని తొలగించమని ఆదేశించే అధికారం ఆయనకుంది. ఇది పాత సీఆర్‌పీసీ 133 సెక్షనే. నిధులు లేవంటూ మున్సిపాలిటీ ఈ బాధ్యత నుంచి తప్పుకోలేదని సుప్రీంకోర్టు 1980లోనే రత్లాం కేసులో తేల్చింది.

ఇక మీ నాన్నగారి గాయం. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్ర గాయం. నిర్లక్ష్యం వల్ల అది జరిగితే బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 125(బి) కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. దారికి అడ్డంకి కలిగించినందుకు 285 సెక్షన్ కింద 5,000 రూపాయల వరకు జరిమానా వేరే ఉంటుంది. పోలీసులు దీన్ని చిన్న కేసుగా రాయకుండా ఎక్స్‌రే, గాయం సర్టిఫికెట్ ఫిర్యాదుకు జతచేయండి. ఎంజీఎం ప్రభుత్వాసుపత్రిలో చూపించినా, ప్రైవేటులో చూపించినా సర్టిఫికెట్ తప్పకుండా తీసుకోండి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఫిర్యాదును పోస్టులో పోలీసు కమిషనర్‌కు పంపండి, ఆ తర్వాత మేజిస్ట్రేట్ ఉన్నారు.

నష్టపరిహారానికి సివిల్ దావా వేయాలి. కంపెనీ, కాంట్రాక్టరు, కార్పొరేషన్ ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. బాధ్యతంతా కాంట్రాక్టరుదేనని వాళ్లు తమలో తాము రాసుకున్న ఒప్పందం మీ నాన్నగారిని కట్టిపడేయదు, ఆయన అందులో సంతకం చేయలేదు కదా. బారికేడ్ లేదని, రాత్రి లైటు గానీ హెచ్చరిక బోర్డు గానీ లేదని దావాలో స్పష్టంగా రాయించండి. లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచిత సాయం దొరుకుతుంది. మిగతావారిలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది.

నల్లా నీళ్ల సమస్యను ఈ దావాలో కలపకండి. నీటి సరఫరా ప్రజా వినియోగ సేవ కాబట్టి దానికి శాశ్వత లోక్ అదాలత్ (ఇలాంటి సేవల వివాదాలు తేల్చే వేదిక) ఉంది, అక్కడ కోర్టు ఫీజు లేదు.

కోపంలో గల్లీవాళ్లు ఆ కేబుల్‌ను కోసేయాలని అనుకోవచ్చు. దయచేసి ఆపండి. టెలికాం సదుపాయాన్ని పాడుచేస్తే 2023 చట్టం కింద భారీ జరిమానా పడుతుంది, న్యాయం మీ వైపున్న కేసు తలకిందులవుతుంది. పైపు రిపేరు కోసం మీరు రోడ్డు తవ్వాల్సి వచ్చినా ముందు కార్పొరేషన్ అనుమతి తీసుకోండి.